బెట్టింగ్ సైట్ 'జెన్యూన్' అంటున్నారా? డబ్బు వేసే ముందు ఈ లెక్కలు చూడండి

ఐపీఎల్ టాస్ పడిందంటే చాలు.. ఫోన్‌లో మెసేజ్‌ల వరద మొదలవుతుంది. "అన్నా, జెన్యూన్ సైట్.. ఐదు నిమిషాల్లో విత్‌డ్రా.. ఫస్ట్ డిపాజిట్‌కు డబుల్ బోనస్" అంటూ వాట్సాప్‌లో ఒకటి, టెలిగ్రామ్‌లో ఇంకొకటి. లింక్ పంపింది తెలిసిన కుర్రాడే కావచ్చు. నిన్ననే రూ.500 వేసి రూ.900 తీసుకున్నానని స్క్రీన్‌షాట్ కూడా పెట్టి ఉండొచ్చు. అప్పుడు ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒక్కటే.. ఈ సైట్‌ను నమ్మొచ్చా?

జవాబు ముందే చెప్పేస్తున్నాం. మన దగ్గర కూర్చుని ఫోన్‌లో క్రికెట్ బెట్టింగ్ ఆడేవాళ్లకు 'నమ్మకమైన సైట్' అంటూ ఏదీ లేదు. సైట్ డిజైన్ ఎంత బాగున్నా, విత్‌డ్రా ఎంత త్వరగా వచ్చినా సరే. ఒక సైట్‌ను నమ్మాలంటే అది డబ్బు ఎగ్గొట్టినప్పుడు మీరు వెళ్లి అడిగే చోటు ఒకటి ఉండాలి. ఇక్కడ అదే లేదు. ఎందుకు లేదు? మోసం ఎక్కడెక్కడ జరుగుతుంది? ఇప్పటికే డబ్బు వేసేసి ఉంటే ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు చట్టం సంగతి

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించాయి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పందెం ఆడటాన్ని కూడా నిషేధం కిందకు తెచ్చాయి. ఈ రాష్ట్ర చట్టాల్లో నడిపేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకూ శిక్ష ఉంది.

ఆ తర్వాత కేంద్రం కూడా రంగంలోకి దిగింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా ఈ చట్టంలో లేదు. డబ్బు పెట్టి డబ్బు గెలవాలని ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధమే. శిక్షలు ఇలా ఉన్నాయి..

• ఇలాంటి ఆటలు నడిపితే: 3 ఏళ్ల వరకు జైలు, రూ.కోటి వరకు జరిమానా.
• ప్రకటనలు ఇస్తే, ప్రచారం చేస్తే: 2 ఏళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా.
• డబ్బు లావాదేవీలు జరిపిస్తే: 3 ఏళ్ల వరకు జైలు, రూ.కోటి వరకు జరిమానా.

కేంద్ర చట్టంలో ఆడేవాళ్లకు శిక్ష లేదు. వాళ్లను బాధితులుగానే చూస్తామని కేంద్రం చెప్పింది. కానీ పైన చెప్పినట్టు రెండు తెలుగు రాష్ట్రాల చట్టాలు వేరు. అది మర్చిపోవద్దు.

ఈ చట్టం వచ్చాకే పేరున్న ఫాంటసీ కంపెనీలు కూడా డబ్బు ఆటలు ఆపేశాయి. అంటే ఇప్పుడు "మాది లీగల్ సైట్" అని మీకు ఎవరైనా లింక్ పంపారంటే, మొదటి అబద్ధం అక్కడే మొదలైందన్నమాట.

'లైసెన్స్ ఉంది' అంటే ఏంటి?

చాలా సైట్ల అడుగున ఒక ముద్ర కనిపిస్తుంది. కురాసావ్ లైసెన్స్, మాల్టా లైసెన్స్, ఇంకేదో ద్వీపం పేరు. మామూలుగా చూసేవాళ్లకు ప్రభుత్వ అనుమతి ఉన్నట్టే అనిపిస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

మొదటిది.. ఆ ముద్ర ఒక బొమ్మ మాత్రమే. ఎవరైనా కాపీ చేసి పెట్టుకోవచ్చు. అసలు లైసెన్స్ ఉందో లేదో తెలియాలంటే ఆ దేశపు నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లో వెతకాలి. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ ఇలాంటి పబ్లిక్ రిజిస్టర్ నడుపుతోంది. కంపెనీ పేరు, లైసెన్స్ ఖాతా నంబర్, వెబ్‌సైట్ చిరునామా.. ఏది కొట్టినా వివరాలు వస్తాయి. అక్కడ ఉన్న చిరునామా, మీరు చూస్తున్న చిరునామా అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. నకిలీ సైట్లు పేరున్న కంపెనీ పేరుకు ఒక అక్షరమో, ఒక అంకెనో తగిలిస్తాయి. తొందరలో అది మన కంట పడదు.

రెండోది.. లైసెన్స్ నిజమే అనుకుందాం. అది ఆ దేశంలో వ్యాపారానికి ఇచ్చింది. విజయవాడలోనో, వరంగల్‌లోనో ఉన్న మీ దగ్గర డబ్బు తీసుకోవడానికి అది అనుమతి కాదు. మీ డబ్బు ఆగిపోతే ఇక్కడి వినియోగదారుల ఫోరంలో పిలిచి అడగడానికి వాళ్లకు ఇక్కడ ఆఫీసూ ఉండదు, పేరూ ఉండదు.

ఇంకో గుర్తు.. ప్రభుత్వం ఒక సైట్‌ను బ్లాక్ చేయగానే అదే సైట్ పేరు చివర వేరే అంకెతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. "పాత లింక్ పనిచేయట్లేదు, కొత్త లింక్ ఇదిగో" అని మెసేజ్ వచ్చిందంటే అర్థం అదే. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉంది కదా అని కూడా మోసపోవద్దు. మీ ఫోన్‌కు, ఆ సైట్‌కు మధ్య వెళ్లే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నది దొరా, దొంగా అన్నది చెప్పదు.

డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది?

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. డిపాజిట్ నొక్కగానే వచ్చే యూపీఐ ఐడీ ఒక్కసారి చూడండి. కంపెనీ పేరు ఉండదు. ఎవరో ఒక వ్యక్తి పేరో, ఏ కిరాణా షాపు పేరో ఉంటుంది. రేపు ఇంకో పేరు, ఎల్లుండి మరొకటి.

వీటినే మ్యూల్ ఖాతాలు అంటారు. నెలకు కొన్ని వేలు ఇస్తామని ఆశ చూపి విద్యార్థులు, కూలీల పేర్ల మీద తెరిపించిన ఖాతాలు ఇవి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అన్నీ వేరేవాళ్ల చేతిలో ఉంటాయి. రేపు పోలీసులు వచ్చేది మాత్రం ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే.

ఇందులో గెలిచినవాళ్లకూ ఓ ప్రమాదం ఉంది. మీరు గెలిచిన రూ.3 వేలు మీ ఖాతాలో పడ్డాయి అనుకోండి. అవి ఎక్కడివి? ఇంకెక్కడో సైబర్ మోసంలో ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు కావచ్చు. ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా వెళ్లిందో పోలీసులు వరుసగా చూస్తారు. ఆ వరుసలో మీ ఖాతా కూడా ఉంటే ఫ్రీజ్ అవుతుంది. జీతం పడే ఖాతా అయినా అంతే. వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్ నుంచి నోటీసు వస్తుంది. రూ.3 వేలు గెలిచి, దాన్ని విడిపించుకోవడానికి నెలల తరబడి తిరగాలి.

మహాదేవ్ యాప్ కేసు గుర్తుందా? ఈడీ చెప్పిన వివరాల ప్రకారం ఆ సిండికేట్ యూఏఈ నుంచి నడిచింది. కింది స్థాయిలో 'ప్యానెళ్లు' పేరుతో ఫ్రాంచైజీలు ఇచ్చి, లాభాలను 70-30 నిష్పత్తిలో పంచుకున్నారు. 2023 నవంబర్‌లో ఆ యాప్‌తో సహా 22 యాప్‌లు, సైట్లను కేంద్రం బ్లాక్ చేసింది. వాట్సాప్‌లో "ఐడీ ఇస్తాం" అనే దందా నడిచేది ఈ పద్ధతిలోనే. మీకు ఐడీ ఇచ్చేది ఏజెంట్, కాయిన్లు వేసేది ఏజెంట్, డబ్బు తిరిగి ఇవ్వాల్సిందీ ఏజెంటే. వాడు నంబర్ మార్చేస్తే మీ చేతిలో మిగిలేది ఆ చాట్ మాత్రమే.

మొదట ఇస్తారు.. తర్వాతే అసలు కథ

"నేను విత్‌డ్రా చేశాను, డబ్బు వచ్చింది, కాబట్టి జెన్యూనే" అంటారు చాలామంది. కొత్తలో చిన్న మొత్తాలు రావడం ఎరలో భాగం. రూ.500కి రూ.900 ఇచ్చేది మీరు రేపు రూ.50 వేలు వేయాలని. పెద్ద మొత్తం తీయబోతే కారణాలు మొదలవుతాయి..

• "కేవైసీ పెండింగ్‌లో ఉంది." డబ్బు తీసుకునేటప్పుడు గుర్తుకురాని ఆధార్, పాన్ ఇచ్చేటప్పుడే గుర్తొస్తాయి. అవి ఇచ్చాక మీ పేరు మీద లోన్లు, సిమ్‌లు తీసుకునే ప్రమాదం అదనం.
• "ముందు 30 శాతం ట్యాక్స్ కట్టండి." ఇది పచ్చి మోసం. ఆన్‌లైన్ గేమ్‌లో గెలిచిన డబ్బు మీద 30% టీడీఎస్ నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉన్న మాట నిజమే. కానీ టీడీఎస్ అంటేనే చెల్లించేవాళ్లు మీకు రావాల్సిన దాంట్లోంచి కోసుకుని ప్రభుత్వానికి కట్టేది. దాని కోసం మీ జేబులోంచి ముందుగా సైట్‌కు డబ్బు పంపాల్సిన పని లేదు.
• "మీ ఖాతా వీఐపీ లెవల్‌కు చేరాలి, ఇంకో రూ.20 వేలు వేస్తే అన్నీ ఒకేసారి వస్తాయి." వేస్తే ఆ రూ.20 వేలూ పోతాయి.

తెర మీద కనిపించే బ్యాలెన్స్ మీ డబ్బు కాదు. అది ఆ సైట్ వాళ్లు టైప్ చేసిన అంకె. మీ బ్యాంక్‌లో పడినప్పుడే అది డబ్బు.

'డబుల్ బోనస్' లెక్క చూద్దాం

రూ.10 వేలు వేస్తే ఇంకో రూ.10 వేలు బోనస్. బాగానే ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది.. బోనస్‌కు 20 రెట్లు ఆడాకే విత్‌డ్రా. అంటే రూ.2 లక్షల పందేలు కాయాలి.

ఇప్పుడు సైట్ కమీషన్ చూడండి. రెండు జట్లూ సమానమైన మ్యాచ్‌లో రెండిటికీ 1.90 రేటు ఇస్తారు అనుకుందాం. మీరు ఒక జట్టు మీద రూ.100, ఇంకొకరు రెండో జట్టు మీద రూ.100 పెట్టారు. సైట్‌కు వచ్చింది రూ.200. ఎవరు గెలిచినా ఇచ్చేది రూ.190. రూ.10 సైట్‌కే. అంటే 5 శాతం.

రూ.2 లక్షల పందేల మీద 5 శాతం అంటే సగటున రూ.10 వేలు. ఇచ్చిన బోనస్ అంతా అక్కడికక్కడే వెనక్కి పోయినట్టే. ఫ్రీగా ఇచ్చింది ఏమీ లేదు.

ఇక్కడ ఇంకో మాట. ఏ మోసమూ చేయని సైట్‌లో కూడా ఈ లెక్క మారదు. మ్యాచ్‌కు ఒక్క పందెం, రూ.వెయ్యి చొప్పున 74 మ్యాచ్‌ల సీజన్ ఆడితే సగటు నష్టం రూ.3,700. అంతేనా అనిపిస్తుంది. కానీ లైవ్ బెట్టింగ్‌లో ఎవరూ ఒక్క పందెంతో ఆగరు. టీ20లో 240 బంతులు.. ప్రతి ఓవర్‌కూ, ప్రతి బంతికీ రేటు మారుతుంది. మ్యాచ్‌కు 20 పందేలు కాస్తే అదే నష్టం సీజన్‌కు రూ.74 వేలు. పోయింది రాబట్టాలని పందెం పెంచుకుంటూ పోతే ఆ అంకెకు హద్దే ఉండదు. అప్పుల ఊబి మొదలయ్యేది అక్కడే.

టిప్స్ చానెల్ వాడికి ఎలా తెలుస్తుంది?

"వరుసగా ఐదు మ్యాచ్‌లు కరెక్ట్‌గా చెప్పాడు సార్" అని నమ్మేవాళ్లు చాలామంది. అదెలా సాధ్యమో చూడండి. 1,024 మందికి మెసేజ్ పెడతాడు. 512 మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగతా 512 మందికి రెండోది గెలుస్తుందని. ఓడినవాళ్లను వదిలేస్తాడు. మిగిలిన 512 మందిని మళ్లీ రెండు భాగాలు చేస్తాడు. ఐదు మ్యాచ్‌లు అయ్యేసరికి 32 మంది మిగులుతారు. వాళ్లకు వీడు దేవుడే! ఆరో మ్యాచ్‌కు "ఫిక్స్‌డ్ రిపోర్ట్.. రూ.25 వేలు" అంటాడు. ఆ 32 మందిలో పదిమంది ఇచ్చినా రూ.రెండున్నర లక్షలు. వాడికి క్రికెట్ తెలియక్కర్లేదు.

మ్యాచే నకిలీ అయితే?

ఇది కథ కాదు. 2022 జులైలో గుజరాత్ పోలీసులు మెహసానా జిల్లా మొలిపూర్ గ్రామంలో ఒక 'క్రికెట్ లీగ్' గుట్టు బయటపెట్టారు. పొలంలో పిచ్ వేశారు, లైట్లు పెట్టారు, కెమెరాలు బిగించారు. ఆటగాళ్లు మ్యాచ్‌కు రూ.400 కూలికి వచ్చిన స్థానిక యువకులు, కూలీలు. ఒంటి మీద ఐపీఎల్ జట్ల జెర్సీలు. ప్రముఖ కామెంటేటర్ గొంతును అనుకరించే మనిషి మైక్ ముందు. యూట్యూబ్‌లో లైవ్. పందేలు కాసింది రష్యాలో ఉన్నవాళ్లు, టెలిగ్రామ్‌లో. బౌలర్ ఏం వేయాలో, బ్యాటర్ ఎప్పుడు ఔటవ్వాలో అంపైర్‌కు చెప్పించారు. క్వార్టర్ ఫైనల్ దాకా నడిచాక దొరికారు.

ఎక్కడో కూర్చుని తెర మీద చూసేవాడికి అది అసలుదో నకిలీదో తెలియలేదు. పేరు వినని లీగ్ మీద మీకు రేటు చూపిస్తే ఈ పొలం గుర్తు తెచ్చుకోండి.

యాప్, రివ్యూలు, సెలబ్రిటీ యాడ్స్

ప్లే స్టోర్‌లో కాకుండా లింక్ పంపి ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయమంటే అక్కడే ఆగిపోండి. అది మెసేజ్‌లు చదివే పర్మిషన్ అడిగితే మీ ఓటీపీలు వాళ్లకు కనిపిస్తాయి. కాంటాక్ట్స్ అడిగితే రేపు మీ బంధువులకు ఫోన్లు వెళ్తాయి.

'టాప్ 10 నమ్మకమైన బెట్టింగ్ సైట్లు' లాంటి జాబితాలు చూసి కూడా నమ్మొద్దు. మీరు ఆ లింక్ నొక్కి డబ్బు వేస్తే జాబితా రాసినవాళ్లకు కమీషన్ వెళ్లే పద్ధతి ఈ వ్యాపారంలో మామూలే. కొన్నిచోట్ల మీరు పోగొట్టుకునే డబ్బులో వాటా కూడా ఇస్తారు.

ఇక యాడ్స్. బెట్టింగ్ సైట్లు వార్తల సైట్ల ముసుగులో ప్రకటనలు ఇస్తున్నాయని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2022లోనే హెచ్చరించింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై కేసులు నమోదయ్యాయి. యూట్యూబర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు, సినీ నటుల పేర్లు వాటిలో ఉన్నాయి. పేరున్న మనిషి చెప్పాడంటే ఆయనకు డబ్బు ముట్టిందని అర్థం కావచ్చు, మీ డబ్బుకు పూచీ ఉందని మాత్రం కాదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు

కొన్ని దేశాల్లో స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధమే. అక్కడ చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు సైట్‌ను పరీక్షించే దారి ఉంది.

• బ్రిటన్: గ్యాంబ్లింగ్ కమిషన్ రిజిస్టర్ చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడం నిషేధం. ఒక సైట్ క్రెడిట్ కార్డు తీసుకుంటోందంటే అది లైసెన్స్ ఉన్న సైట్ కాదని అనుమానించాలి. కంపెనీ మునిగితే మీ డబ్బుకు రక్షణ ఉందా, లేదా అన్నది షరతుల్లో రాసి తీరాలి. 'రక్షణ లేదు' అని రాసినా లైసెన్స్ ఉంటుంది.. కాబట్టి అది చదవాల్సిందే. ఆడకుండా తమను తాము ఆపుకోవాలనుకునేవాళ్లకు 'గ్యామ్‌స్టాప్' ఉంది.
• ఆస్ట్రేలియా: మీడియా, కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ దగ్గర లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా ఉంటుంది. మ్యాచ్ నడుస్తుండగా ఆన్‌లైన్‌లో పందెం తీసుకోవడం అక్కడ నిషేధం. తీసుకుంటోందంటే అది అక్రమ సైటే. 2023 ఆగస్టు నుంచి 'బెట్‌స్టాప్' అందుబాటులో ఉంది.
• అమెరికా: 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఏ రాష్ట్రం నిర్ణయం ఆ రాష్ట్రానిదే. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, కాలిఫోర్నియాలు ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్‌కు లైసెన్సులు ఇవ్వలేదు. చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండాలి.

అక్కడైనా ఒక్కటి మారదు.. పైన చెప్పిన 5 శాతం లెక్క.

ఇప్పటికే డబ్బు వేసేశారా? ఇలా చేయండి

1. ఇంకో రూపాయి వేయొద్దు. "చివరిసారి కడితే మొత్తం వస్తుంది" అన్నది ఎవరి మాటైనా నమ్మొద్దు.
2. వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.
3. చాట్‌లు, యూపీఐ లావాదేవీ నంబర్లు, సైట్ చిరునామా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కోపంలో గ్రూప్ నుంచి బయటకు వచ్చేయొద్దు, సాక్ష్యం పోతుంది.
4. బ్యాంక్‌కు చెప్పి కార్డు, పిన్‌లు మార్చండి. ఏపీకే వేసుకుని ఉంటే ఫోన్‌లో నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.
5. "పోయిన డబ్బు రికవరీ చేస్తాం, ఫీజు కట్టండి" అని వచ్చేవాళ్లు రెండో దొంగలు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లనే మళ్లీ వెతుక్కుంటూ వస్తారు.

"నేను ఆడింది తప్పే కదా, ఫిర్యాదు చేస్తే నా మీదే కేసు పెడతారేమో" అన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. మోసగాళ్లకు కావాల్సిందీ అదే. అనుమానం ఉంటే ఒక లాయర్‌ను కలిసి మాట్లాడండి, కానీ జరిగింది దాచిపెట్టొద్దు.

ఇంట్లో వాళ్లు గమనించాల్సింది

రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్, మ్యాచ్ లేని రోజు చిరాకు, ఎందుకో చెప్పకుండా చేబదుళ్లు, లోన్ యాప్‌ల నుంచి ఫోన్లు, ఇంట్లో బంగారం కుదువకు వెళ్లడం.. ఇవన్నీ గుర్తులే. అప్పుడు తిట్టడం వల్ల ఇంకా దాస్తారు. ముందు ఎంత అప్పు ఉందో ఒక కాగితం మీద మొత్తం రాయించండి. అప్పు ఎంతైనా అది మనిషి కంటే పెద్దది కాదని చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కనిపించినా, మానుకోలేకపోతున్నా 14416కి ఫోన్ చేయొచ్చు. ఇది ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఒక్క చూపులో..

• లైసెన్స్ ముద్ర కాదు, రిజిస్టర్ చూడాలి. మన దగ్గర డబ్బు బెట్టింగ్‌కు చూడ్డానికి రిజిస్టరే లేదు.
• వ్యక్తుల పేర్లతో రోజూ మారే యూపీఐ ఐడీ అంటే మ్యూల్ ఖాతా.
• విత్‌డ్రాకు ముందు ట్యాక్స్, ఫీజు అడిగితే మోసం.
• చిన్న విత్‌డ్రా నమ్మకానికి రుజువు కాదు, ఎర.
• డబ్బు పోయిందా? మొదటి ఫోన్ 1930కే.

మళ్లీ మ్యాచ్ రోజు లింక్ వస్తుంది. అప్పుడు పంపినవాణ్ని ఒక్క ప్రశ్న అడగండి.. "నా డబ్బు రాకపోతే నేను ఎవరి మీద, ఎక్కడ కేసు వేయాలి?" దానికి పేరు, అడ్రస్‌తో జవాబు రాలేదంటే ఆ సైట్ సంగతి మీకు తేలిపోయినట్టే.